రిజర్వు పదము (ప్రోగ్రామింగు)

కంప్యూటరు భాషలలో ప్రత్యేక అర్థము కొరకు ముందుగానే కేటాయించబడి, చలరాశులకు పేర్లుగా వాడుటకు వీలులేని పదాలను '''రిజర్వు పదాలు''' అంటారు. ఇఫ్, వైల్, ఫర్, రిటర్న్ మొదలైనవి ఇందుకు ఉదాహరణలు. 1989 నాటి సి భాషా ప్రమాణములో ఇటువంటి పదాలు 32 ఉన్నాయి. జావాలో గోటూ, కాన్‌స్ట్ అను పదాలకు ఏ పనీ లేకున్నా అవి కూడా రిజర్వు పదాలే.

== పేర్ల ఘర్షణ ==
కంపైలరు మొదట ప్రోగ్రామును పదాలుగా విడదీస్తుంది. రిజర్వు పదము కనబడితే దానిని భాషకు చెందినదిగానే గ్రహిస్తుంది. ఉదాహరణకు [[శింగనమల]] నుండి [[అనంతపురం]] వెళ్ళు బస్సుల వేళలపట్టికను పైథాన్‌లో తయారుచేయు విద్యార్థి, బయలుదేరు ఊరికి ఆంగ్లములో ఫ్రమ్ అని పేరు పెట్టినచో వాక్యనిర్మాణ దోషము వస్తుంది. చేరవలసిన ఊరికి టు అని పెడితే పైథాన్‌కు అభ్యంతరము లేదు. మైఎస్‌క్యూఎల్‌లో మాత్రము ఈ రెండూ రిజర్వు పదాలే.

లిస్ట్, సమ్ వంటివి పైథాన్‌లో రిజర్వు పదాలు కావు, అంతర్నిర్మిత పేర్లు. వీటిని చలరాశులకు పెడితే వెంటనే దోషము కనబడదు. సమ్ అను చలరాశిలో ఒక సంఖ్యను ఉంచి, తరువాత కూడిక కొరకు అదే పేరును పిలిచినప్పుడు ప్రోగ్రాము ఆగిపోతుంది. కావున ఇవి మరింత ప్రమాదకరము.

== పరిష్కారాలు ==
* పైథాన్‌లో పేరు చివర అండర్‌స్కోరు చేర్చుట ఆచారము.
* సి షార్ప్‌లో పేరుకు ముందు ఎట్ గుర్తు ఉంచవచ్చును.
* ఎస్‌క్యూఎల్ ప్రమాణము ప్రకారము పేరును జంట ఉల్లేఖన చిహ్నాలలో ఉంచాలి.
* అన్నిటికంటె మేలైనది అర్థవంతమైన వేరు పేరు. పై పట్టికలో "బయలుదేరు_ఊరు" అంటే చాలును.

== కొత్త పదాలు, పాత ప్రోగ్రాములు ==
భాషలో కొత్త రిజర్వు పదము చేరినప్పుడు, అంతవరకు సరిగా నడచిన ప్రోగ్రాములు కూడా చెడిపోవచ్చును. 2004లో జావా 5వ కూర్పులో ఈనమ్, 2018లో పైథాన్ 3.7లో అసింక్ చేరినప్పుడు, ఆ పేర్లు వాడిన పాత ప్రోగ్రాములను సవరించవలసి వచ్చింది. ఈ అనుభవము వలన 2021లో పైథాన్ 3.10లో మ్యాచ్ అను పదమును సందర్భమును బట్టి మాత్రమే ప్రత్యేకార్థమిచ్చునట్లు చేర్చారు. పీఎల్/వన్, ఫోర్‌ట్రాన్ భాషలలో అసలు రిజర్వు పదాలే లేవు.

== తెలుగు పేర్లు ==
2008లో విడుదలైన పైథాన్ 3 నుండి చలరాశుల పేర్లను తెలుగు లిపిలో వ్రాయవచ్చును. రిజర్వు పదాలన్నీ రోమను లిపిలో ఉన్నందున తెలుగు పేర్లకు వాటితో ఘర్షణ ఉండదు. అయితే పొల్లు తరువాతి హల్లు వత్తుగా మారకుండా చేర్చు కనిపించని గుర్తును పైథాన్ పేర్లలో అంగీకరించదు. అందుచేత "బస్‌వేళ" అను పేరు దోషమునిస్తుంది, "బస్సు_వేళ" చెల్లుతుంది.