బుష్, కేట్ (1958 - )

ఆంగ్ల గాయనియు, గీతరచయిత్రియు, స్వరకర్త్రియునగు కేట్ బుష్ 1958 జూలై 30వ తేదీన కెంట్ మండలమందలి బెక్స్‌లీహీత్‌లో జన్మించెను. తండ్రి వైద్యుడు, తల్లి ఐర్లండు దేశీయురాలు.

పియానో తనకుతానే అభ్యసించి, పాఠశాలలో చదువు దినములందే పాటలు కట్టి టేపులపై నింపుకొనుచుండిన ఈ బాలిక ప్రతిభను పింక్ ఫ్లాయిడ్ బృందమునకు చెందిన డేవిడ్ గిల్మర్ గుర్తించి, 1975లో తన వ్యయముతో కొన్ని గీతములను రికార్డు చేయింపగా, ఇ.ఎం.ఐ. సంస్థ ఆమెతో ఒడంబడిక చేసికొనెను. అయినను ఆమె పిన్నవయసును తలచి, రికార్డు వెలువరించుటకు త్వరపడలేదు. ఈ జాగు ఆమెకు మేలే చేసెననవలెను. ఆ వ్యవధిలో లిండ్సే కెంప్ వద్ద మూకాభినయమును నేర్చి, లండను పానశాలలలో పాడి శ్రోతల నాడి నెరిగెను.

ఎమిలీ బ్రాంటీ నవల 'వుదరింగ్ హైట్స్' ఆధారముగా 18 ఏండ్ల ప్రాయమున రచించిన గీతమే ఆమె తొలి రికార్డు. మరణించిన నవలానాయిక కేథరీన్ ప్రేతాత్మ కిటికీ కావల నిలిచి ప్రియుని పిలుచు సన్నివేశమును, సామాన్య కంఠములకందని తారస్థాయిలో ఆమె పాడెను. సంస్థవారు వేరొక పాటను ముందు విడుదల చేయదలపగా, పట్టు విడువక తన మాటయే నెగ్గించుకొనెను. 1978 జనవరిలో వెలువడిన ఆ గీతము మార్చిలో బ్రిటిష్ గీతముల పట్టికయందు అగ్రస్థానమునొంది, నాలుగు వారములు నిలిచెను. స్వీయరచనతో ఆ స్థానమునందిన తొలి మహిళ ఆమెయే.

ఆమె 1985 నాటి గీతము 'రన్నింగ్ అప్ దట్ హిల్' ఒక దూరదర్శన ధారావాహిక మూలమున 2022లో మరల ప్రచారమునొంది, 37 ఏండ్ల పిమ్మట బ్రిటనులో ప్రథమస్థానమును పొందినది.