నియంత్రణ వలయాల రక్షణ

పరిశ్రమలలో యంత్రాలను నడపడానికి, ఆపడానికి, వాటి స్థితిని తెలుపడానికి ఉపయోగించే తక్కువ వోల్టేజి విద్యుత్ వలయాలను నియంత్రణ వలయాలు లేదా కంట్రోల్ సర్క్యూట్లు అంటారు. రిలేలు, కాంటాక్టర్ల తీగచుట్టలు, సొలినాయిడ్ వాల్వులు, సెన్సార్లు, పి.ఎల్.సి.లు వీటిలోని భాగాలు. ఇవి సాధారణంగా 24 వోల్టుల ఏకముఖ విద్యుత్తుతో గాని, 110 లేదా 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తుతో గాని పనిచేస్తాయి.

దోషాలు

వలయం మోయవలసిన దానికంటే కొంత ఎక్కువ ప్రవాహం చాలాసేపు ప్రవహించడం ఓవర్‌లోడ్. రెండు తీగలు నేరుగా తాకి, నిరోధం దాదాపు లేకుండా ప్రవాహం ఒక్కసారిగా పెరగడం షార్ట్ సర్క్యూట్. జౌల్ నియమం ప్రకారం తీగలో పుట్టే ఉష్ణం ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అనగా ప్రవాహం రెండింతలైతే ఉష్ణం నాలుగింతలవుతుంది. అందువలన రక్షణ పరికరపు రేటింగు తీగ మోయగల ప్రవాహాన్ని మించరాదు.

రక్షణ పరికరాలు

* ఫ్యూజు: ప్రవాహం హద్దు మీరినపుడు ఇందులోని సన్నని తీగ కరిగి వలయాన్ని తెంచుతుంది.
* ఎం.సి.బి.: ఇందులోని ద్విలోహపు పట్టీ ఓవర్‌లోడ్ నుండి, విద్యుదయస్కాంతం షార్ట్ సర్క్యూట్ నుండి కాపాడతాయి. విద్యుదయస్కాంతం పనిచేసే హద్దు బి రకంలో రేటింగుకు 3 నుండి 5 రెట్లు, సి రకంలో 5 నుండి 10 రెట్లు ఉంటుంది.

50 హెర్ట్జ్ ఏకాంతర ప్రవాహం సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కనుక ఆర్క్ సులభంగా ఆరిపోతుంది. ఏకముఖ ప్రవాహంలో ఈ సౌలభ్యం లేదు. కావున అందుకు తగినదిగా పేర్కొన్న పరికరాన్నే వాడాలి.

24 వోల్టుల వలయాలలో చిక్కు

0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 50 మీటర్ల దూరం వెళ్ళిందనుకుందాం. రాకపోకలకు కలిపి దాని నిరోధం సుమారు 2.3 ఓములు. చివర షార్ట్ సర్క్యూట్ జరిగినా ప్రవాహం సుమారు 10 ఆంపియర్లను దాటదు. 4 ఆంపియర్ల సి రకం ఎం.సి.బి.లోని విద్యుదయస్కాంతానికి కనీసం 20 ఆంపియర్లు కావాలి. కనుక అది కదలదు. ద్విలోహపు పట్టీ వేడెక్కి తెంచడానికి ఒక నిమిషం వరకు పట్టవచ్చు. ఈలోగా 5 ఆంపియర్ల పవర్ సప్లై వోల్టేజి పడిపోయి, పి.ఎల్.సి.తో సహా యంత్రమంతా ఆగిపోతుంది. అందువలన వలయాన్ని చిన్న శాఖలుగా విభజించి, ఒక్కొక్క శాఖకు ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బ్రేకరు అమర్చడం మేలు. ఇది ప్రవాహాన్ని కొలుస్తూ, దోషమున్న శాఖను మాత్రమే వేరుచేస్తుంది.

భూమికి కలపడం

వలయాన్ని భూమికి కలపకుండా, ఇన్సులేషన్‌ను పరిశీలించే పరికరం కూడా లేకుండా వదిలితే మొదటి భూదోషం ఎవరికీ తెలియదు. స్టాప్ మీటకు ఇరువైపులా తీగలు యంత్రపు ఇనుప చట్రాన్ని తాకితే, ప్రవాహం మీటను తప్పించుకొని చట్రం గుండా సాగుతుంది. మీట నొక్కినా యంత్రం ఆగదు. దీనిని నివారించడానికి తీగచుట్టల ఉమ్మడి కొసను భూమికి కలిపి, ఫ్యూజును రెండవ వైపు, అనగా మీటలున్న వైపు ఉంచుతారు. అప్పుడు మొదటి దోషానికే ఫ్యూజు పోయి యంత్రం ఆగుతుంది.

జాగ్రత్తలు

పోయిన ఫ్యూజు స్థానంలో చేతికందిన లావుపాటి రాగి తీగను చుట్టరాదు. అలా చేస్తే ఫ్యూజుకు బదులు వలయపు తీగలే కాలిపోతాయి. ఎం.సి.బి. పడిపోయినపుడు కారణం తెలుసుకొనకుండా మరల మరల ఎత్తరాదు.