రొయ్య కంట్లో ఎనిమిది అక్షరాలు

మన ఐటీ జనాలకి స్ట్రింగ్ సెర్చ్ గురించి కొత్తగా చెప్పేదేముంది! కానీ బియ్యపు గింజలో సగం కూడా లేని సముద్రజీవి నరాల్లో ఏయే న్యూరోపెప్టైడ్లు ఉన్నాయో కూడా దాంతోనే వెతుకుతున్నారని చదివినప్పుడు నాకు భలే ముచ్చటేసింది. ఇక్కడిదాకా రావడానికి దాదాపు వందేళ్ళు పట్టింది.

కథ 1920లలో మొదలైంది. కొన్ని రొయ్యలు కింద ఉన్న నేలని బట్టి రంగు మారుస్తాయి. నల్లబడ్డ రొయ్య రక్తాన్ని ఇంకో రొయ్యకి ఎక్కిస్తే అదీ నల్లబడుతుందని కోలర్ చూపించాడు. 1928లో పెర్కిన్స్ కంటి కాడల్ని నూరి ఆ రసం ఎక్కిస్తే, నల్లబడ్డ రొయ్య తేలిపోయింది. అంటే రంగు మార్చమనే కబురు రక్తంలో వెళ్తోంది, అది బయల్దేరేది కంటి కాడ నుంచి అన్నమాట. కాడలో ఆ హార్మోన్ దాచుకునే సైనస్ గ్రంథిని 1930లలో స్వీడన్‌లో హాన్‌స్ట్రోమ్ వర్ణించాడు.

మరి ఆ పదార్థం ఏంటి? అది తేలడానికి 1972 దాకా ఆగాల్సొచ్చింది. ఒక్కో కాడలో ఉండేది లేశమాత్రం. కాడల్ని కుప్పలుగా పోగేసి, రసాన్ని వడగట్టి, ఏ భాగం పనిచేస్తోందో బతికున్న రొయ్యల మీద చూసుకుంటూ పోవాలి. ఫెర్న్‌లుండ్, జోసెఫ్సన్ ఉత్తర సముద్రాల్లో దొరికే పాండలస్ బోరియాలిస్ అనే రొయ్యతో ఆ పని చేశారు. తేలింది ఎనిమిది అమైనో ఆమ్లాల గొలుసు. వెన్నెముక లేని జీవుల్లో వరస పూర్తిగా చదివిన మొదటి న్యూరోపెప్టైడ్ ఇదే.

ఇంతకీ స్ట్రింగ్ సెర్చ్ ఎక్కడొచ్చిందంటారా? ఈ పెప్టైడ్లు పొడవాటి ప్రోటీన్లో ముక్కలుగా తయారవుతాయి. ముక్క ఎక్కడ తెగాలో చెప్పే గుర్తులు అందులోనే ఉంటాయి. మన ఎనిమిది అక్షరాల తర్వాత జి, కె, ఆర్ అని వస్తుంది. కె, ఆర్ దగ్గర ఎంజైము కోస్తుంది. మిగిలిన జి, అమైడ్ అనే తోకగా మారుతుంది. అచ్చం డిలిమిటర్ లాగా! కెలానస్ ఫిన్‌మార్కికస్ అనే కోపెపాడ్ పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు. దాని కాడలు కోద్దామంటే అసలు కాడలే లేవు. అందుకే ఆర్‌ఎన్‌ఏ చదివి, తెలిసిన పెప్టైడ్ల వరసలతో బ్లాస్ట్ నడిపి, పెప్టైడ్ల చిట్టాని 2013లో బయటపెట్టారు.

అయితే ఇది ఊహే. పెప్టైడ్ నిజంగా తయారవుతోందా, ఏ నరకణంలో అన్నది సెర్చ్ చెప్పదు. దానికి మాస్ స్పెక్ట్రోమెట్రీ, యాంటీబాడీలు కావాలి. పైగా తెలిసినవాటి పోలికలు లేనివి ఈ వలకి చిక్కవు.

ఇదంతా మనకెందుకంటారా? ఆంధ్ర తీరంలోని రొయ్యల హేచరీల్లో తల్లి రొయ్య త్వరగా గుడ్లు పెట్టాలని ఒక కంటి కాడ తీసేసే పద్ధతి ఉంది. కాడ తీస్తే అండాశయం పెరుగుతుందని 1943లో పనూజ్ చూపించిన సంగతే దీనికి మూలం. గుడ్లని ఆపే హార్మోన్ ఒక్కటే కాదు, రక్తంలో చక్కెరని, పొర విడవడాన్ని నడిపేవి కూడా ఆ కాడలోనే ఉన్నాయి. ఒక్క ప్రాసెస్ ఆపడానికి సర్వర్ ప్లగ్గు పీకడం లాంటిదిది. థాయిలాండ్ పరిశోధకులు 2011లో టైగర్ రొయ్యల్లో ఆ ఒక్క జీన్‌నే అణిచి, కన్ను ముట్టకుండా గుడ్లు పెట్టించారు.

ఏ అక్షరాలో తెలిస్తేనే ఇది సాధ్యం. తెలియనంతకాలం కత్తెరే గతి. ఎవరికీ పట్టని పురుగుల మీద ప్రజాధనం దండగ అనేవాళ్ళకి నా సమాధానం ఇదే. మీరేమంటారు?