అమీనా వస్తే గంట మోగింది

అద్దె ఇంట్లో కాపరం చేసిన అక్కచెల్లెళ్ళకు ఒకటో తారీఖంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. మేమూ ఒకప్పుడు నాలుగు వాటాల ఇంట్లో ఉన్నవాళ్ళమే. "అందరూ ఐదు రూపాయలు పెంచి ఇచ్చారమ్మా, మీరే మిగిలారు" అని ఇంటాయన అంటే, నోరు మూసుకుని ఇచ్చాం. తీరా చూస్తే పక్క వాటావాళ్ళతోనూ అదే మాట అన్నాడట! ఒకే పంపు దగ్గర నీళ్ళు పట్టుకునేవాళ్ళం. అయినా అద్దె సంగతి మాత్రం ఒకరికొకరం గుట్టు.

ఇదే మాయ 1915లో స్కాట్లండులోని గ్లాస్గో నగరంలోనూ జరిగింది. అక్కడివాళ్ళు మాకంటే గడుసువాళ్ళు.

మొదటి ప్రపంచ యుద్ధం రోజులు. ఓడలు కట్టే గోవన్ పేటకు పనివాళ్ళు తండోపతండాలుగా వచ్చారు. ఇళ్ళు చాలలేదు. ఎందరో మగవాళ్ళు యుద్ధంలో ఉన్నారు. ఇదే అదనని యజమానులు అద్దెలు పెంచారు. అంతస్తుల మేడల్లో సంసారానికి ఒకటి రెండు గదులు, గుడ్డలుతుక్కోవడానికి వంతులు. ఆ మెట్ల మీద, ఆ పెరళ్ళలోనే స్త్రీల గృహ సంఘం బలపడింది. దానికి ముందు నిలబడింది మేరీ బార్బర్ అనే గృహిణి.

పెంచిన అద్దె ఇవ్వమని కిటికీలకు కాగితాలు అంటించారు. ఖాళీ చేయించడానికి కోర్టు అమీనా వస్తే, మెట్ల దగ్గర కాపలా ఉన్నావిడ గంట కొట్టేది. అంతే! చేతిలో పని అక్కడే వదిలి ఆడవాళ్ళంతా దిగివచ్చేవారు. పిండి దోసిళ్ళతో అమీనా మొహాన కొట్టేవారు. వంటింటి సరుకే ఆయుధం.

ఒకసారి అద్దె వసూలు చేసే ఏజెంటు, "మిగతావాళ్ళంతా ఇచ్చేశారు" అని చెప్పి కొందరి దగ్గర పెంచిన డబ్బు రాబట్టాడు. అబద్ధమని తేలగానే మేరీ బార్బర్ ఓడల కార్ఖానా పనివాళ్ళను వెంటబెట్టుకుని అతని ఆఫీసుకు వెళ్ళి, ఆ డబ్బు తిరిగి ఇప్పించింది. మాకు ఆరు నెలల తర్వాత తెలిసిన సంగతి వాళ్ళకు వెంటనే తెలియబట్టే కదా!

నవంబరు నాటికి ఇరవై వేలకు పైగా కుటుంబాలు సమ్మెలో చేరాయి. 17వ తేదీన 18 మందిని కోర్టుకు ఈడ్చారు. పనివాళ్ళు పని ఆపి, వేలమంది జనం కోర్టు ముందు నిలిచారు. యుద్ధ సామగ్రి ఆగిపోతుందని ప్రభుత్వానికి భయం. కేసులు వదులుకున్నారు. డిసెంబరులోనే పార్లమెంటు చట్టం చేసి, చిన్న ఇళ్ళ అద్దెలు యుద్ధం మొదలైననాటి స్థాయికి కట్టేసింది. గ్లాస్గోకే కాదు, దేశమంతటికీ!

1920లో మేరీ బార్బర్ నగర సభకు ఎన్నికైంది. అక్కడ ఆమె పట్టుబట్టినవాటిలో స్నానశాలలు, గుడ్డలుతుక్కునే శాలలు ఉన్నాయి. ఇరుకు వాటాల్లో కాపరం చేసిన మనిషి మరి!