హైదరాబాద్ రాజ్యనీతి (1766–1948)

నిజాముల హైదరాబాద్ విస్తీర్ణంలో చిన్నది కాదు. చివరి రోజుల్లో దాని వైశాల్యం సుమారు 82 వేల చదరపు మైళ్లు. 1941 లెక్కల ప్రకారం జనాభా కోటీ 63 లక్షలు. కానీ సముద్రం లేదు, చుట్టూ ఉన్న పొరుగు ఒక్కటే, అదీ తనకంటే ఎన్నో రెట్లు బలమైనది. కాబట్టి రక్షణ ఎవరిచ్చేది, దానికి సొమ్మెక్కడిది, తమను రాజ్యంగా ఎవరు గుర్తిస్తారు అన్న చిన్న దేశాల ప్రశ్నలే నిజాముల వంశమైన ఆసఫ్‌జాహీలనూ వెంటాడాయి. వాళ్లు ఎక్కువగా నమ్ముకున్న ఉపాయం భూమి ఇచ్చి ఊపిరి తీసుకోవడం.

మొదట పోయింది తీరం. మచిలీపట్నం 1759లోనే ఫ్రెంచివారి నుంచి ఇంగ్లీషువారి చేతిలో పడింది. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కార్ల మీద ఈస్టిండియా కంపెనీ హక్కును నిజాం అలీ ఖాన్ ఒప్పుకున్నాడు. 1798లో సైన్య సహకార ఒప్పందం కుదిరి, రేమండ్ తీర్చిదిద్దిన ఫ్రెంచి దళం రద్దయింది. కంపెనీ సేన ఖర్చు కింద 1800లో బళ్లారి, కడప ప్రాంతాలు దత్తమండలాలయ్యాయి. మరో సేన, హైదరాబాద్ కాంటింజెంట్, బాకీల కింద 1853లో బేరార్ పోయింది. సైన్యం మీద అదుపు బ్రిటిష్ వారిది, జీతాలు మాత్రం నిజాం ఖజానావి.

గోదావరి ఎడమ ఒడ్డు కథ ఇంతకంటే విచిత్రం. 1860 డిసెంబరు ఒప్పందంలో సాలార్‌జంగ్ దివాన్‌గిరీకి దక్కినది తక్కువేమీ కాదు: 50 లక్షల అప్పు రద్దు, సురపురం సంస్థానం, తిరిగొచ్చిన రాయచూరు, ధారాశివ్. బదులుగా రేకపల్లి, భద్రాచలం, చర్ల, ఆలుబాక, నూగూరు, సిరొంచ తాలూకాలు బ్రిటిష్ వారికి వెళ్లాయి. గోదావరిలో సుంకం లేని పడవ ప్రయాణానికీ నిజాం ఒప్పుకున్నాడు. ఆ అడవి మీద దొరలకు మోజేమీ లేదు, వాళ్ల కన్ను నది మీద. బేరార్, నాగపూర్ పత్తిని నీటి మీదుగా తూర్పు తీరానికి దింపాలని ఆశపడ్డారు. చర్లకు దిగువన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. ఈలోగా, 1867లో, బొంబాయి రైలు నాగపూర్ చేరింది. 1871లో నదీమార్గం పనులే ఆపేశారు. పత్తీ రాలేదు, తాలూకాలూ వెనక్కి రాలేదు.

ఆ మార్పుల భారం మోసింది కోయలు, కొండరెడ్లు. సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉన్న భద్రాచలం, రేకపల్లిలను 1874లో మద్రాసుకు బదలాయించాక పోడు మీద పన్నులూ ఆంక్షలూ పెరిగాయి. 1879లో రంప తిరుగుబాటు రేకపల్లికి పాకడానికి అదీ ఒక కారణం. చర్ల, ఆలుబాక, నూగూరు ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో మద్రాసులో చేరాయి. చర్ల వాసికి గోదావరి అవతలి ఒడ్డు, పినపాక, మణుగూరు వైపు, వేరే ప్రభుత్వం, వేరే నాణెం.

ఆర్థికంలో సంస్థానం మెరుగ్గానే ఆలోచించింది. 1874లో రైలు వచ్చింది, తరవాత సింగరేణి బొగ్గు. సొంత నాణెం హాలీ సిక్కా నడిచింది, 1941లో సొంత స్టేట్ బ్యాంకు వెలిసింది. హోదా దగ్గరే చిక్కు. బేరార్ కోసం ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ సమానుడిలా వాదించబోతే, 1926 మార్చిలో వైస్రాయ్ రీడింగ్ సార్వభౌమాధికారం బ్రిటిష్ రాజుదేనని ఉత్తరంతో తేల్చేశాడు.

1947లో ఆ రాజు తప్పుకోబోతుండగానే ఉస్మాన్ అలీ ఖాన్ స్వతంత్రత ప్రకటించాడు. న్యాయ సలహాకు వాల్టర్ మాంక్టన్ ఉన్నాడు. గోవాలో రేవు కోసం పోర్చుగీసు వారితో మాటలు నడిచాయి. నవంబరు 29న భారత్‌తో యథాతథ ఒప్పందం కుదిరింది. అయినా ప్రధాని లాయఖ్ అలీ ప్రభుత్వం పాకిస్తాన్‌కు 20 కోట్ల రుణం ఇవ్వబూనింది, భారత కరెన్సీ చెలామణీని అడ్డుకుంది. పైలట్ సిడ్నీ కాటన్ విమానాల్లో కరాచీ నుంచి ఆయుధాలు దింపించుకుంది. భారత్ సరకుల రాకను బిగించింది. దివాణం లెక్కలో అసలు కొరత వేరే ఉంది: భూమి కోసం, వెట్టి మీద లేచిన తెలంగాణ పల్లెలను రజాకార్లనే ప్రైవేటు దళాల కర్రలతో అదుపు చేయవచ్చనుకున్నారు. సొంత రైతును శత్రువుగా చూసే రాజ్యానికి భద్రతా విధానం ఉందనడం కష్టం.

1948 ఆగస్టు 21న సంస్థానం ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు పంపింది. సభ్యత్వం లేని రాజ్యం కూడా మొరపెట్టుకోవచ్చన్న 35(2) అధికరణాన్ని ఆసరా చేసుకుంది. అసలు హైదరాబాద్ రాజ్యమే కాదని భారత్ తరఫున రామస్వామి మొదలియార్ వాదించాడు. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 16న పారిస్‌లో భద్రతా మండలి 8 ఓట్లతో అంశాన్ని ఎజెండాలో చేర్చింది, ముగ్గురు తటస్థం. మరునాడే నిజాం లొంగిపోయాడు, 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు తంతి పంపాడు.

డబ్బు వ్యవహారం మాత్రం ఇంకా నడిచింది. పారిస్‌కు వెళ్లిన ప్రతినిధి మొయిన్ నవాజ్ జంగ్ ఆ సెప్టెంబరులోనే లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులోని పది లక్షల పౌండ్లకు పైబడిన సొమ్మును పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మార్చాడు. నిజాం అభ్యంతరంతో అది స్తంభించి, వడ్డీతో సుమారు మూడున్నర కోట్ల పౌండ్లకు పెరిగింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు పాకిస్తాన్ వాదనను తోసిపుచ్చి, సొమ్ము భారత్‌కూ ఏడో నిజాం మనవలకూ చెందుతుందని తీర్పిచ్చింది.