ఊరు పొమ్మన్నవాళ్లకు ఊరు కట్టారు

జగిత్యాల నుంచి కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ దాటి నిజామాబాద్ వైపు సాగినా, సిరిసిల్ల నుంచి కామారెడ్డి మీదుగా వెళ్లినా డిచ్‌పల్లి చేరుకోవచ్చు. ఆ పేరు వినగానే చాలామందికి ఖిల్లా రామాలయం మెదులుతుంది. పెద్దవాళ్లకు దానితోపాటు ఇంకొకటి గుర్తుకొస్తుంది. అది పెద్దరోగం దవాఖాన.

నూరేళ్ల కింద కుష్ఠు సోకిందంటే మనిషి బతికుండగానే బంధాలన్నీ తెగిపోయేవి. వేళ్లు మొద్దుబారి, ఒంటిమీద మచ్చలు తేలితే చాలు, ఇంట్లోవాళ్లే ఊరవతలికి పంపేవారు. బావిగట్టు ఎక్కనిచ్చేవారు కాదు. పుట్టిన ఊళ్లోనే ఆ మనిషి పరదేశి అయ్యేవాడు.

అలాంటివాళ్లకు తలుపు తీసింది కూడా ఒక పరదేశే. స్కాట్లాండ్‌లో పుట్టి, అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివిన ఇసబెల్ కెర్, భర్త జార్జి కెర్‌తో కలిసి 1907లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. ఇద్దరూ వెస్లియన్ మెథడిస్టు మిషన్‌కు చెందినవారు. నిజామాబాద్‌లో వైద్యం చేస్తున్నప్పుడు కుష్ఠు రోగులు ఆమె గడపకు వచ్చారు. వాళ్లను ఉంచుకునే చోటు చుట్టుపక్కల ఎక్కడా లేదు. మందిచ్చి పంపితే ఎక్కడికి పోతారు? ఆ ప్రశ్న ఆమెను నిలవనీయలేదు. 1911లో చిన్నగా ఒక కేంద్రం మొదలుపెట్టారు.

ఇక్కడే ఈ కథకు మన మట్టి వాసన అంటుకుంది. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత భారీ విరాళం ఇచ్చారు. ఆ అండతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి వెలిసింది. మిషనరీల మతం వేరు, దాత మతం వేరు. సంస్థానాన్ని ఏలిన నిజాం మతం ఇంకొకటి. రోగి ఆకలికి మాత్రం మతం లేదు. ఎక్కడి నుంచో వచ్చిన దంపతులకు ఈ నేల చోటిచ్చింది. ఆ చోటులోనే వాళ్లు ఇంకెవరికీ అక్కరలేనివాళ్లను కూర్చోబెట్టారు.

కలకత్తాలో ఎర్నెస్ట్ మ్యూర్ అభివృద్ధి చేసిన చికిత్సను ఇసబెల్ ఇక్కడికి తెచ్చారు. అది హిడ్నోకార్పస్ గింజల నూనెను సూదిమందుగా ఎక్కించే పద్ధతి. నొప్పి ఎక్కువ, వైద్యం నెలల తరబడి సాగేది. అంతకాలం రోగికి పడుకునే చోటు, తినే తిండి, పేరు పెట్టి పిలిచే మనిషి కావాలి. డిచ్‌పల్లి ఆ మూడూ ఇచ్చింది. 1923లో ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకం వచ్చింది. తర్వాత కొన్నేళ్లకు ఆమె కన్నుమూశారు.

అదే కాలంలో, అదే మిషన్‌కు చెందిన చార్లెస్ వాకర్ పోస్నెట్ మెదక్‌లో కరువు చూశారు. 1914లో చర్చి నిర్మాణం మొదలుపెట్టి, ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపి అన్నం పెట్టారు. పదేళ్ల తర్వాత, 1924 డిసెంబరు 25న ఆ మహాదేవాలయం తలుపులు తెరుచుకున్నాయి. దాని 175 అడుగుల గోపురాన్ని చూసేటప్పుడు, ఆ రాళ్లు మోసిన చేతులకు దొరికిన అన్నం ముద్ద కూడా తలపుకు రావాలి.

కొత్త నిబంధన గ్రీకు మూలంలో ఆతిథ్యానికి వాడిన మాట ఫిలోక్సెనియా. పరాయివాణ్ని ప్రేమించడమని దాని అర్థం. తిథి చెప్పకుండా వచ్చేవాడే అతిథి అని మన పెద్దలూ అన్నారు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో క్రీస్తు ఇంకో అడుగు ముందుకు వేసి, గడపలో నిలబడ్డ ఆ పరదేశి తానేనంటాడు. చుట్టాన్ని పిలిచి విందు పెట్టడం సులువే. పిలవకుండా వచ్చినవాడు తెల్లారాక కూడా ఉండిపోతే, అప్పుడు మొదలవుతుంది అసలు ఆతిథ్యం.

పరాయితనం సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల పట్టణాలకూ కొత్త కాదు. సిరిసిల్ల నేతన్న భీవండికి పోయాడు. జగిత్యాల, కోరుట్ల పల్లెల నుంచి ఇంటికొకరు అన్నట్టుగా గల్ఫ్ బాట పట్టారు. కువైట్‌లోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో తెలుగు ఆరాధనలు జరుగుతాయి. వారమంతా పరాయి భాషల మధ్య నలిగినవాడికి అక్కడ "ఏ ఊరన్నా మీది?" అన్న పలకరింపు దొరికితే, సగం ఇల్లు చేరినట్టే.

ఇప్పుడు మన ఊళ్లకూ వలస వస్తున్నారు. రైసుమిల్లులో బస్తాలు మోసే బిహారీ హమాలీ, ఇటుక బట్టీ పక్కన గుడిసె వేసుకున్న ఒడిశా కుటుంబం మన కళ్లముందే ఉన్నారు. వాళ్లను ఏ ఊరని అడిగేవాళ్లు తక్కువ. క్రిస్మస్‌కు చర్చిల్లో ప్రేమవిందు పెడతారు. ఈసారి విస్తర్లు లెక్కపెట్టేటప్పుడు వాళ్లనూ కలుపుకోవాలి. పక్కన కూర్చుని తినాలి. మర్నాడు ఆ గుడిసెలకు వెళ్లి, జ్వరంతో ఉన్నవాళ్లను దవాఖానకు, పిల్లలను బడికి తీసుకుపోవాలి. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ చేసింది కూడా ఆ మర్నాటి పనే.