ఒంటికి బిగుతైన దుస్తులు: ఒక చట్టవాక్యం వెనుక చరిత్ర

మన దేశపు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 22వ సెక్షను ఒకటి ఉండేది. తిరుగుతున్న యంత్రాన్ని పరిశీలించవలసి వచ్చినా, దానికి కందెన వేయవలసి వచ్చినా, ఆ పనిని ప్రత్యేక శిక్షణ పొందిన వయోజన పురుషుడే, ఒంటికి బిగుతుగా ఉండే దుస్తులు ధరించి చేయాలని, ఆ దుస్తులను యజమానే సమకూర్చాలని దాని సారాంశం. కంటి రక్షణకు 35వ సెక్షను వేరే ఉండేది. చట్టం దర్జీ పనిలో ఎందుకు తలదూర్చిందని మీకు తోచవచ్చు. ఆ ‘బిగుతు’ అన్న మాట వెనుక ఎందరో శ్రామికుల నెత్తురు ఉన్నది.

ఇంగ్లండులోని నూలుమిల్లులలో పైకప్పు కింద పొడవాటి ఇరుసులు ఎడతెగక తిరుగుతూ ఉండేవి. పావడా అంచో, జుట్టో, మెడగుడ్డో వాటికి చిక్కితే మనిషిని చుట్టుకొని పైకి లాగేసేవి. 1844లో బ్రిటిషు పార్లమెంటు యంత్రాలకు కంచె వేయాలని, అవి తిరిగేటప్పుడు స్త్రీలూ పిల్లలూ శుభ్రపరచకూడదని చట్టం చేసింది. అది మిల్లు యజమానులకు రుచించలేదు. 1855లో వారు ఒక సంఘంగా ఏర్పడి కంచెల ఖర్చుపై పోరాడారు. నవలాకారుడు చార్లెస్ డికెన్స్ తన పత్రికలో ఆ సంఘానికి ‘కార్మికులను నుజ్జుచేసే సంఘం’ అనే అర్థం వచ్చే పేరు పెట్టి ఎద్దేవా చేశాడు. మన దేశానికి మొదటి ఫ్యాక్టరీ చట్టం 1881లో వచ్చింది. అదైనా నూరుమంది పనిచేసే చోట్లకే వర్తించింది.

1948 చట్టం కూడా, కరెంటుతో నడిచే చోట పదిమంది పనివాళ్లు ఉంటేనే దానిని ఫ్యాక్టరీగా లెక్కించింది. బద్వేలు వంటి ఊళ్లలో బోరు మోటార్ల బుష్‌లూ, ట్రాక్టరు ఇరుసులూ చెక్కే లేత్ మిషన్లు ఎక్కువగా ఇంటి వసారాలోనో, పెరట్లోని రేకుల షెడ్డులోనో ఉంటాయి. తండ్రి, కొడుకు, ఒక కుర్రవాడు, అంతే. అక్కడికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. దుస్తులు సమకూర్చవలసిన యజమానీ, వాటిని తొడగవలసిన పనివాడూ మీరే.

ఒక చిన్న లెక్క చూడండి. ఆరు అంగుళాల చక్ నిమిషానికి 600 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంటే సెకనుకు పది చుట్లు. ఒక్కొక్క చుట్టుకు దాదాపు 48 సెంటీమీటర్ల గుడ్డను లాగుకుంటుంది. ప్రమాదాన్ని గుర్తించి చెయ్యి కదపడానికి మనిషికి సెకనులో ఐదవవంతు పడుతుంది. ఆలోపే మీ భుజాన వేలాడే తువ్వాలులో దాదాపు ఒక మీటరు చక్‌కు చుట్టుకుపోయి ఉంటుంది. తువ్వాలు వెంట మెడ వస్తుంది. పాత రోజులలో ఆయిల్ ఇంజను బెల్టులలో పంచెలు చిక్కడం మా తరం వైద్యులందరికీ తెలిసిన సంగతే.

చదువు గలవారికి ఇటువంటివి జరగవని అనుకోకండి. 2011లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో, రాత్రివేళ వర్క్‌షాపులో పనిచేస్తున్న ఒక విద్యార్థిని జుట్టు లేత్‌లో చిక్కి ఆమె మరణించింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో స్త్రీలు పెద్దసంఖ్యలో ఆయుధ కర్మాగారాలలో చేరినప్పుడు, ఒక కన్నును కప్పే కేశాలంకరణకు పేరుపొందిన హాలీవుడ్ తార వెరోనికా లేక్ చేత జుట్టు ఎత్తి కట్టించి ప్రచారం చేయించారు. సినిమా తారల ప్రభావం ఒక్కసారైనా ఇలా ప్రాణరక్షణకు పనికివచ్చింది! జడనూ చున్నీనీ లోపలికి దోపుకొనడం కాదు, జడను ముడివేసి గుడ్డ కట్టుకోవాలి. చున్నీని తీసి పక్కన పెట్టాలి.

ఇక చేతి తొడుగుల విషయంలో చాలామంది పొరబడతారు. తిరిగే యంత్రం దగ్గర, అనగా లేత్, డ్రిల్లింగ్ మిషన్ల దగ్గర, తొడుగు రక్షణ కాదు, ఉరి. వేలి చర్మం కోసుకుపోతే కుట్టవచ్చును. తొడుగుతోపాటు చర్మమంతా ఊడివచ్చిన చేతిని మునుపటిలా చేయడం ఎంతటి శస్త్రవైద్యునికైనా దుస్సాధ్యం. ఉంగరమూ అంతే. మణికట్టు మీది మొక్కుబడి దారమూ అంతే. వెల్డింగుకు మాత్రం తోలు తొడుగులు తప్పనిసరి.

వెల్డింగు అనగానే బట్ట రకం గుర్తుకు రావాలి. పాలిస్టరు నూలును 1941లో బ్రిటనులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రవేత్తలు కనుగొన్నారు. అది మన పెళ్లిచొక్కాలకు మెరుపు తెచ్చింది కాని, 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి చర్మానికి లక్కలా అంటుకుంటుంది. నిప్పురవ్వ వేడి అంతకు ఎన్నో రెట్లు. నూలుబట్ట కాలుతుంది కాని కరగదు. పాతదైనా సరే, మందపాటి నూలు చొక్కానే తొడగండి. పాంటు అడుగున మడతలు పెట్టకండి, వాటిలో రవ్వలు నిలుస్తాయి. లేత్ దగ్గర చొక్కా చేతులు పొట్టివిగానో, మణికట్టు వద్ద గుండీలతో బిగుతుగానో ఉండాలి.

దుమ్ము సంగతి మరీ పాతది. ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో కత్తులకు సాన పట్టేవారి గురించి ఎంగెల్స్ 1845లో రాశాడు. పొడి రాతి మీద పనిచేసేవారు సగటున 35 ఏళ్లయినా బతికేవారు కారట. దుమ్మును ఆపే సాధనాలు కనిపెట్టినా వారే వాటిని వద్దన్నారు. ఆయుష్షు పెరిగితే పనివాళ్లు ఎక్కువై కూలి తగ్గుతుందని వారి భయం! మనవాళ్లు అంతదూరం ఆలోచించరు. పని ముగించి బెల్లం ముక్క తింటే దుమ్ము దిగిపోతుందని నమ్ముతారు. బెల్లం పోయేది కడుపులోకి, దుమ్ము పోయేది ఊపిరితిత్తులలోకి. ముఖానికి చుట్టిన తువ్వాలు సన్నని ధూళిని ఆపదు. ముక్కుకు బిగుతుగా అమరే ఎన్-95 మాస్కు మేలు. జింకు పూసిన జి.ఐ. పైపును వెల్డింగు చేస్తే వచ్చే పొగకు ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. ఆ పనిని షెడ్డు బయట, గాలికి ఎదురుగా కాక పక్కగా నిలబడి చేయాలి.

చివరగా కన్ను. గ్రైండింగు రవ్వ నల్లగుడ్డులో గుచ్చుకుంటే, తోటి పనివాడు గుడ్డ కొసతోనో అగ్గిపుల్లతోనో తీయబోవడం మన వైపు మామూలు. తునక వచ్చినా, ఇనుము తుప్పు కంట్లో వలయంలా మిగిలి చూపును చెరుస్తుంది. పక్కలు మూసిన కళ్లజోడు పెట్టుకోండి. చదువుకునే అద్దాలు అందుకు చాలవు. ఒకవేళ రవ్వ పడితే కన్ను నలపకుండా, ఏ పాలూ ఆకుపసరూ వేయకుండా, అదే రోజు కంటి వైద్యునికి చూపించండి.